చిక్కు తీసిన కణాలు

మొన్న జగిత్యాలలో డిగ్రీ చదివే మనుమరాలు సెమినారు కోసమని ఫోనులో ఒక బొమ్మ తెరిచింది. కోడి కణాలు. కణితులు పుట్టించే వైరస్ సోకి ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చున్నాయి. నా నోరు ఊరుకుంటుందా, వీటిని దారికి తెచ్చినవాణ్ణి నేనే అన్నాను. నిజానికి ఆ రోజుల్లో హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో నా పని గాజు పళ్లేలు కడగడం. సరే, దారికి వచ్చాక చూసినవాళ్లలో మాత్రం నేనూ ఉన్నాను.

వైరస్ మీద పడితే మన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ వదిలి ఇరుగుపొరుగును హెచ్చరిస్తాయి. దాన్ని, వైరస్ వల్ల కణితిగా మారిన కోడి కణాల మీద పోసి ఏమవుతుందో చూసేది మా మేడమ్. ఒకనాడు నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూపించింది. సిరిసిల్ల మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, అంతకుముందు చిక్కుపడ్డ నూలు ఉండల్లా ఉన్న కణాలు పడుగు పోగుల్లా వరుసగా, చదునుగా పరుచుకుని కనిపిస్తే ఇంకేం కావాలి? మా ఇంట్లో చిక్కు తీసిన నూలు తనంతట తాను మళ్లీ చిక్కుపడదు. రోగం కుదిరినట్టేననుకుని, సెలవుకు వచ్చినప్పుడు కోరుట్లలో మేనత్త ముందు, క్యాన్సర్‌కు మందు కనిపెట్టేశామని కోతలు కోశాను.

ఆమె చెంపలోపల అదే రోగం. డాక్టర్లు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకొమ్మంటే భయపడి వాయిదా వేస్తోంది. నా కోతలతో సాకు దొరికింది. అల్లుడు మందు తెస్తుండు, నాకు కరెంటెందుకని బీడీలు చుట్టుకుంటూ వాడకట్టంతా చెప్పుకుందట.

నేను తిరిగి వెళ్లేసరికి మేడమ్ ఆ ప్రొటీన్ తీసేసి మామూలు ద్రవం పోసి ఉంచింది. కణాలు మళ్లీ కుప్పలు కట్టాయి. ప్రొటీన్ వాటిని అణిచి పెట్టిందే గాని, వైరస్ నేర్పిన బుద్ధి లోపలే ఉంది. మేడమ్‌కు అదొక కొత్త సంగతి, ఉత్సాహంగా రాసుకుంది. నాకు మాత్రం మేనత్త ముందు కోసిన కోతలు గుర్తొచ్చాయి.

దొరికిన బస్సెక్కి కోరుట్ల చేరి, పళ్లేలు కడిగే సంగతితో సహా అంతా చెప్పేశాను. మేనత్త బీడీల చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"మగ్గం మీదున్న చీరను కట్టుకొమ్మన్నవా, అల్లుడా?" అని నవ్వబోయి, నొప్పికి చెంప పట్టుకుంది. "లే, గా కరెంటేందో చూద్దాం పా. బయట నువ్వే కూసోవాలె మరి."

కూర్చున్నాను. ఆమె కోలుకుని, మా బిడ్డ పెళ్లిలో నన్ను డాక్టరు అల్లుడని అందరికీ చూపిస్తూ తిరిగింది, వెక్కిరించడానికే.

ఇప్పుడా ప్రొటీన్‌ను కొన్ని జబ్బులకు మందుగానే వాడుతున్నారు. నేను గొప్పలు పోతే మనుమరాలు ఫోనులో చూసి అక్కడికక్కడే సరిదిద్దుతుంది. నా మాట నమ్మి వైద్యం మానుకునేవాళ్లు లేరు, మంచిదే. కానీ అంతగా నమ్మి, అది ఉత్తదని తెలిశాక కూడా నన్నే తోడు రమ్మన్న మనిషీ లేదు.