మోదుగాకులో అర మాత్ర

జూలూరుపాడు దాటాక అడవిలోకి మళ్లే ఆ బాట, కళ్లు మూసుకుంటేనే నాకు బాగా కనబడుతుంది. ముందు ఇప్పపూల వాసన వచ్చేది, ఆ వెనక ఎప్పటికో గూడెం వచ్చేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. కడుపులో పురుగులకు ఎప్పటినుంచో ఇస్తున్న ఒక మాత్ర గజ్జికి కూడా పనిచేస్తుందా అన్నది నా థీసిస్. సగం ఇళ్లకు మాత్ర, సగం ఇళ్లకు ఒంటికి రాసుకునే పాత మందు ఇవ్వాలి. రెండు వారాలయ్యాక ఎవరికి తగ్గిందో చూడాలి. అది తేలకపోతే ఆ ఏడు నాకు పరీక్ష లేదు.

"నీ కళ్లెదుటే మింగించు" అని మా ప్రొఫెసర్ వెయ్యిసార్లు చెప్పారు. నేనూ గూడెంలో అందరికీ వెయ్యిసార్లు చెప్పాను. కానీ మందులు తీసుకెళ్లిన రోజు బీడీలు చుట్టే తునికాకు కోత నడుస్తోంది. జనమంతా అడవిలో ఉన్నారు. గూడెం పెద్దవ్వ ఒక్కతే అరుగు మీద ఆకులు కట్టలు కడుతోంది. నాకు వారం రోజులుగా నిద్ర లేదు, కారణం ఎవరికీ చెప్పలేదు. ఏ ఇంటికి ఏ మందో అవ్వకు రెండుసార్లు చెప్పి, జనం రాగానే నన్ను లేపమని, అక్కడే ఒరిగాను. ఎండ, ఆరుతున్న ఆకు వాసన, ఎక్కడో వాళ్ల భాషలో ఎవరో పిల్లను జోకొడుతున్న గొంతు. ఆ గొంతు నన్నే జోకొడుతోందనుకున్నాను.

లేచేసరికి పొద్దు వాలింది. ఊడ్చిన వాకిట్లో మోదుగాకులు వరసగా పరిచి ఉన్నాయి. ప్రతి మాత్రనూ సగానికి విరిచి, రాసే మందు కూడా ఇంటికింత పోసి, నన్ను లేపకుండానే అందరికీ పంచేసింది అవ్వ. జనం మింగేశారు, రాసేసుకున్నారు. ఒక్క ఆకు తప్ప అన్నీ ఖాళీ.

"ఇదేం పని అవ్వా!" అని అరిచాను. ఆ అరుపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఏందమ్మా గట్లంటవ్? ఒగింటికి మాత్ర, ఒగింటికి నూనె, గదేం పంపకం? కుందేలు దొరికినా ఇంటికింత పెట్టుకుంటం. గోకుడు అందరిది గాదా?"

వేరువేరుగా ఇస్తేనే ఏది మంచిదో తెలుస్తుందన్నాను.

"తెల్సినంక ఏం జేస్తవ్?"

"మంచిదాన్ని అందరికీ ఇస్తాం."

"మేం ముందుగాల్నే ఇచ్చినం గద" అంది.

రెండు నెలల తిరుగుడు బూడిదలో పోసిన పన్నీరయింది. ఏడుపు ఆపుకోవడానికి, మిగిలిన ఆకు ఎవరిదని అడిగాను.

"నీదే. పంచేటప్పుడు గూడెంల ఉన్నోళ్లకు ఒక పాలు తియ్యాలె. నిద్రల గూడ గోక్కుంటున్నవ్ బిడ్డా. మొన్నటి సంది జూస్తున్న."

వేళ్ల సందులు దాచుకోబోయాను. ఆమె ఆ చెయ్యి పట్టుకుని అర మాత్ర అరచేతిలో పెట్టింది. చెంబుతో నీళ్లు తెచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మింగు. కండ్లెదుటనే మింగాలని జెప్పింది నువ్వే గద."

ఆ ఏడు పరీక్ష పోయిందని తెలిసి, ఏడుస్తూనే మింగాను. చెంబు కింద పెట్టేదాకా అవ్వ నా మీంచి చూపు తిప్పలేదు.