కిటికీలో లాల్ బత్తీ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. కాగితం మీద రెండు నిలువు గళ్లు గీసి, ఒకదాంట్లో లాభాలు, ఇంకోదాంట్లో నష్టాలు రాసుకుంటే ఎంత చిక్కు సమస్యయినా దానంతట అదే విడిపోతుందని. (ఒక పెళ్లిచూపుల పెద్దమనిషిని కూడా ఆ పద్ధతిలోనే తేల్చాను. ఆ సంగతి ఇక్కడ అనవసరం.) అప్పుడే నోయిడాలో ఒక బుల్లి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. జనక్‌పురిలో ఒక తెలుగువారింట్లో పై గది అద్దెకు తీసుకుని, పొద్దున చార్టర్డ్ బస్సులో సగం నిద్ర, సాయంత్రం మిగతా సగం నిద్ర పూర్తి చేసుకునేదాన్ని. ఆఫీసు ఒక మార్కెట్లో మొదటి అంతస్తు. కింద చాయ్ కొట్టు, టైర్ల దుకాణం, గవర్నరు బంగళా కాపలా కాస్తున్నట్టు నిలబడే ఒక గార్డు. మా బాసు ప్రతి మాట చివరా "ఠీక్ హై?" అనేవారు కాబట్టి చాటున ఆయన పేరు ఠీక్‌హై సార్.

మా వాళ్లందరూ రాసిన కోడ్ ఒకచోట చేర్చేసరికి ఎవరి ముక్క ఎవరి ముక్కను చెడగొట్టిందో తెలియక ఆఫీసు కురుక్షేత్రమయ్యేది. ఎవరు ఏది చేర్చినా వెంటనే అన్నీ కలిపి, నడిపి చూసి, బాగుందో చెడిందో చెప్పే సాధనాలు అప్పుడప్పుడే ప్రచారంలోకి వస్తున్నాయి. కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్ అంటారు, అలా కలిపి నడిపినదాన్ని బిల్డ్ అంటారు. హోస్టెడ్ రకమైతే ఎక్కడో విదేశంలో వాళ్ల యంత్రం మీద నడుస్తుంది, మనం అద్దె కట్టి, ఫలితం ఈమెయిల్లో చూసుకోవాలి. సెల్ఫ్ హోస్టెడ్ అయితే యంత్రం మనదే, తలనొప్పీ మనదే. "ఏది మంచిదో తేల్చు. దాన్ని పెట్టాక నెల రోజులపాటు బిల్డ్ ఒక్కసారి కూడా చెడకూడదు. ఆ రోజే నీ ఉద్యోగం పర్మనెంట్, ఠీక్ హై?" అన్నారు సార్. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు ఠీక్ హై కాక ఇంకేమంటారు?

రాత్రి భోజనాల దగ్గర అంకుల్‌కు చెప్పాను. అంకుల్ అంటే ఆ ఇంటి యజమాని, గుంటూరు వైపు మనిషి, కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ, రిటైర్మెంటుకు రెండు నెలల దూరంలో ఉన్నారు. ఆయన శ్రద్ధగా విని, "సర్కారీ క్వార్టరా, సొంతిల్లా అన్నట్టుందమ్మా. క్వార్టర్లో కుళాయి కారితే కంప్లయింట్ రాసి కూర్చోవచ్చు. సొంతింట్లో కారితే మనమే బకెట్ పెట్టుకోవాలి. ఏదైనా కారడం మాత్రం ఖాయం" అన్నారు. తర్వాత అలవాటు ప్రకారం పెద్ద సాహెబుల ఎర్రదీపం కార్ల మీదికి, అంటే ఢిల్లీ భాషలో లాల్ బత్తీల మీదికి, వెళ్లిపోయారు. ఎవరి కారు మీద దీపం ఉండొచ్చు, ఎవరిది తిరిగే దీపం, ఎవరిది తిరగనిది, ఇదంతా ఆయనకు కంఠోపాఠం. రోడ్డు మీద ఏ లాల్ బత్తీ వెళ్లినా "వీడికి అర్హత లేదు" అనేవారు. "మీకుందా?" అని ఆంటీ పప్పు వడ్డిస్తూ అడిగేది. ఆయన మజ్జిగ అడిగేవారు.

నేను వారం రోజులు గళ్లు నింపి, సార్ ముందు స్లయిడ్ల మీద స్లయిడ్లు వేశాను. నమ్మకం, వేగం, ఖర్చు, భద్రత, కరెంటు కోత, అన్నీ చెప్పి హోస్టెడ్డే మేలని తేల్చాను. ఠీక్‌హై సార్ కళ్లు మూసుకుని విని, చివర్లో ఒక్కటే అడిగారు: "ఇస్‌మే బత్తీ జలేగీ?" దీంట్లో దీపం వెలుగుతుందా అని. ఎక్కడో ఏదో ఆఫీసులో బిల్డ్ చెడగానే ఎర్రబల్బు వెలుగుతుందని ఆయన ఇంటర్నెట్‌లో చూశారట. హోస్టెడ్‌తో ఈమెయిల్ వస్తుంది సార్, మన సొంత యంత్రమైతే బత్తీకి తీగ కలపొచ్చు అన్నాను. "అయితే సొంతదే" అన్నారు. వారం రోజుల పాండిత్యం ఒక బల్బు ముందు ఓడిపోయింది.

చిన్న బల్బు చాలు సార్ అంటే "దాన్నెవరు చూస్తారు?" అని, కరోల్‌బాగ్ వెళ్లి కార్ల సామాన్ల కొట్లో సాక్షాత్తూ లాల్ బత్తీనే కొనుక్కొచ్చారు, గిరగిరా తిరిగేది. ఒక పాత డెస్క్‌టాప్‌ను సర్వరుగా నియమించి, బత్తీని దానికి తగిలించి, వీధివైపు కిటికీలో ప్రతిష్ఠించాం. మొదటి వారం ట్రయల్, అది లెక్కలోకి రాదు. ఆ వారమంతా బిల్డ్ పొద్దున చెడేది, మధ్యాహ్నం చెడేది, చూసి నవ్వుకునేలోపు మళ్లీ చెడేది. నాలుగో రోజు చాయ్ భయ్యా గ్లాసులతో పైకొచ్చి, గొంతు తగ్గించి, "మేడమ్‌జీ, ఊపర్ కౌన్ సే సాహబ్ బైఠే హైఁ?" అని, పైన కూర్చున్న సాహెబు ఎవరని అడిగాడు. ఎంత పెద్ద సాహెబు కాకపోతే బత్తీ కారు దిగి కిటికీ ఎక్కుతుంది? గార్డు మాకు సెల్యూట్ కొట్టడం మొదలుపెట్టాడు. టైర్ల దుకాణం వాడు మిఠాయి పంపి, సార్ కారుకు నీడలో చోటు వదిలాడు. ఒక పెద్దాయన గ్యాస్ కనెక్షన్ కోసం అర్జీ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. (బిల్డ్ బాగైంది, సాహెబు వెళ్లిపోయారు అని నచ్చజెప్పి పంపాను.)

తర్వాత నా నెల మొదలైంది. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, బతిమాలి, బెదిరించి, బిల్డ్‌ను పచ్చగా కాపాడుకొచ్చాను. బత్తీ వెలగలేదు. చాయ్ పలచబడింది. గార్డు సెల్యూట్ తలూపుగా మారి, తర్వాత అదీ పోయింది. సార్ కారుకు వదిలిన నీడలో టైర్ల లారీ ఆగింది. ఆయన దిగులుగా నా దగ్గరకొచ్చి, "బత్తీ వెలగాలి. కానీ బిల్డ్ చెడకూడదు. ఠీక్ హై?" అన్నారు. పోనీ వేరే స్విచ్ పెడదామా సార్ అంటే నొచ్చుకున్నారు. "ఛీ, అది మోసం!"

ఈ కథలన్నీ ఇంట్లో చెబుతుంటే ఆంటీ పడీపడీ నవ్వేది. అంకుల్ నవ్వేవారు కాదు. "రిటైరయ్యేలోపు వచ్చి చూస్తా. నిబంధనలకు విరుద్ధమైతే సర్వీసులో ఉండగానే తీయించాలి" అనేవారు.

నెలలో ఆఖరి రోజు. సాయంత్రం దాకా బిల్డ్ నిలబడితే నేను పర్మనెంట్. మధ్యాహ్నం ఫోను. "కిందే ఉన్నానమ్మా" అన్నారు అంకుల్. కిటికీలోంచి చూశాను. సఫారీ సూటులో, చంకలో ఫైలుతో ఆటో దిగి నిలబడ్డారు. ఆటోవాడు ఇంత దూరం తెచ్చావని ఆయన్నే తిడుతున్నాడు. గార్డు కుర్చీలోంచి లేవకుండా "రజిస్టర్ మే ఎంట్రీ కరో" అంటున్నాడు. ఆ వారంతో ఆయన సర్వీసు ముగుస్తోంది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, క్యాప్ విప్పి, గార్డు చూపించిన గడిలో వంగి రాయబోతున్నారు. నేను నా కోడ్ ఫైలు తెరిచి, బిల్డ్ చెడేలా ఒక సెమికోలన్ తీసేసి, చేర్చేశాను.

మా సొంత యంత్రం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అది తప్పు కనిపెట్టాలన్నా ముందు చాయ్ తాగి వచ్చినంత సేపు ఆలోచిస్తుంది! ఫోనందుకుని, "అంకుల్, రాయకండి! అక్కడే ఉండండి, చాయ్ తాగండి" అన్నాను.

"షుగరు కదమ్మా నాకు."

"చక్కెర లేకుండా తాగండి!"

ఆయన పలచటి చాయ్ సగం తాగేసరికి బత్తీ తిరిగింది. నెల తర్వాత సాహెబు వచ్చేశారు! చాయ్ భయ్యా పైకి చూశాడు, ఎదుటి సఫారీ సూటును చూశాడు, ఆయన చేతిలోని గ్లాసు లాక్కుని అల్లం వేసిన కొత్త చాయ్ అందించాడు. గార్డు రిజిస్టరు మూసి అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆటోవాడు నోరు మూసుకుని ఆటోను పక్కకు తీశాడు. అంకుల్ తలెత్తి కిటికీ కేసి చాలాసేపు చూశారు. తర్వాత సూటు సర్దుకుని, సెల్యూట్‌కు చిన్నగా తలవంచి, మెట్లెక్కారు. ఆ తలవంపులో ముప్ఫై ఏళ్ల సాధన కనిపించింది నాకు.

పైకొచ్చి బత్తీని వెనకాముందూ పరిశీలించి, "నిబంధనల్లో కిటికీ ప్రస్తావన లేదమ్మా. ఉండనీ" అన్నారు. కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఠీక్‌హై సార్ మాత్రం "ఆఖరి రోజున ఒక సెమికోలనా!" అని నా ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించి, నీడలో కారు పెట్టుకోవడానికి ఉత్సాహంగా కిందికి దిగారు.

ఇప్పుడు నేను పనిచేసే చోట అంతా హోస్టెడ్డే. బిల్డ్ చెడితే ఈమెయిల్ వస్తుంది. ఎవరూ కుర్చీలోంచి లేవరు. మొన్న మా టీములో ఒక కుర్రది కొత్త సాధనం ఎంచుకోవడానికి అచ్చంగా నాలాగే గళ్లు గీసి, వేగం, ఖర్చు, భద్రత, అన్నీ చక్కగా వివరించింది. నేను కళ్లు మూసుకుని విన్నాను. చివర్లో అందరూ నా నిర్ణయం కోసం చూస్తుంటే, నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది: "ఇందులో బత్తీ వెలుగుతుందా?"