మేకపిల్ల లేని సినిమా

మా అవ్వ సినిమాలు చూసేది కాదు. రామన్నపేటలో మా ఇంటికి నాలుగు సందుల అవతలే రేకుల టాకీసు ఉన్నా, అందులో అడుగుపెట్టకుండానే అరవైకి దగ్గరపడింది. పెళ్లిళ్లకూ చావులకూ తప్ప ఇల్లు కదలడం ఆమెకు వృథా పనిగా కనిపించేది.

తొంభైల్లో, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, ఆ టాకీసుకు ఒక సినిమా వచ్చింది. రిక్షాకు మైకు కట్టి, ఇది మన మట్టి కథ, మన తాతల నాటి కథ అని ఊరంతా చెప్పించారు. నైజాం పోయే ముందటి గడబిడ రోజుల్లో ఒక పల్లెలో పెరిగిన ఎనిమిదేళ్ల పిల్లవాడి కథ అది. పిల్లవాడు పెద్దవాడై, తల నెరిసి, కారులో ఊరికి తిరిగొచ్చి చిన్ననాటి సంగతులన్నీ తలుచుకుంటాడు. మా బాపు, అంటే నాన్న, మొదటిరోజే చూసొచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అన్నం ముందు కూచుని అమ్మకు కథ చెప్పబోయి, సగంలో చేయి కడిగేసుకున్నాడు. అవ్వను తప్పకుండా తీసుకుపొమ్మని నాకు పని అప్పజెప్పాడు.

అవ్వ ఒప్పుకోలేదు.

“కండ్లార సూసిందాన్ని మల్ల టికెట్ కొని సూసుడేంది?” అంది.

ఆమెను ఒప్పించింది ఖాలమ్మ. ఎదురింటి దర్జీ తల్లి. అవ్వా ఆమే తిరుమలగిరి దిక్కున ఒకే పల్లెలో పుట్టి, పెళ్లిళ్లయ్యాక ఎవరి దారిన వాళ్లు రామన్నపేటకొచ్చి, ఒకే సందులో తేలారు. ఖాలమ్మ కొంచెం పెద్ద కాబట్టి అవ్వ ఆమెను అక్క అనేది గానీ, ఆ పిలుపులో అక్కకు దక్కాల్సిన మర్యాద ఏమీ ఉండేది కాదు. ఖాలమ్మకు సినిమాలంటే ప్రాణం. ఆమె కొడుక్కి మాత్రం తల్లి ఈ సినిమాకు పోవడం ఇష్టం లేదు. అందులో తుపాకులు పట్టిన వాళ్లందరికీ టోపీలు పెట్టారని, చూస్తే ఆమె మనసు కష్టపడుతుందని అతని బెంగ. మిషను ఆపి, మెల్లగానే చెప్పాడు. ఆమె బురఖా సర్దుకుంటూ, ఆ కాలంలో టోపీ పెట్టుకున్న మంచివాళ్లను తాను చాలామందిని చూశానని, వాళ్లలో ఒక్కరైనా సినిమాలో ఉన్నారేమో చూసొస్తానని బయల్దేరింది.

మ్యాట్నీకి పోయాం. పైన రేకులు కాగుతున్నాయి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. మా వైపు ఆడవాళ్లంతా ఏడవడానికి సిద్ధమై వచ్చారు. పిల్లనగ్రోవి మొదలుకాగానే కొంగులు చేతికొచ్చాయి. తెల్లవారుజామున, వాన వెలిసిన వాకిట్లోకి పిల్లవాడి తల్లి ఎర్రంచు తెల్లచీరలో నడిచొచ్చింది. సినిమాలో గుసగుసగా మాట్లాడాలన్న సంగతి అవ్వకు తెలియదు. ఇంట్లో మాట్లాడినట్టే అడిగింది.

“గంత బురదల గంత తెల్లచీర ఎట్లున్నదే?”

ముందు వరుస నవ్వింది. ఆ తర్వాత ఖాలమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. ఆ పిల్లవాడూ తల్లీ రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నారు. మనలాగ మాట్లాడుతున్నది తాగుబోతు కావలివాడూ, తుపాకుల గుంపూ మాత్రమే. మన మాట మాట్లాడేవాళ్లంతా చెడ్డవాళ్లేనా అని ఆమె నన్నడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే గోడ అవతలినుంచి ఎవరో ఈల వేశారు.

అసలు గొడవ పాతర దగ్గర వచ్చింది. పాతరంటే ధాన్యం దాచే గొయ్యి. ఊరి మీదికి తుపాకులవాళ్లు వస్తున్నారని తెలిసి, తల్లి పిల్లవాడిని అందులోకి దించి, చేతికి ఒక దీపం ఇచ్చి, పైన మూత పెట్టేస్తుంది. పిల్లవాడు దీపాన్ని చూస్తూ కూచుంటాడు. పిల్లనగ్రోవి ఇంకా సన్నగా మోగుతుంది. టాకీసు టాకీసంతా ముక్కులు ఎగబీలుస్తోంది. బాపు చేయి కడిగేసుకున్నది ఈ ఘట్టం దగ్గరే అనుకుంటా.

“పాతర మూత తీసి జరసేపు ఉంచకపోతే ఊపిరాడదు,” అంది అవ్వ. “పైంగ దీపమొకటి. వాళ్లు దొర్కవట్టేలోపట్నే సస్తడు పోరడు.”

ఏడుస్తున్న వాళ్లు తడి ముఖాలతోనే నవ్వేశారు. వెనకనుంచి ఒకావిడ మాత్రం, నిమ్మళంగా ఏడవనివ్వరా అని కసిరింది. టాకీసు మేనేజరు బ్యాటరీ లైటుతో వచ్చి, జర నెమ్మదిగా మాట్లాడమని అవ్వను బతిమాలాడు. అవ్వ సరేనంది. నిజంగానే నోరు మూసుకునేది కూడా. కానీ అప్పుడే ఖాలమ్మ, మనం దాక్కున్నప్పుడు దీపం ఎక్కడిది, పక్కనున్న నేనే నీకు కనపడలేదు కదా అంది.

నేను సినిమా చూడటం అక్కడితో ఆగిపోయింది. మా అవ్వ ఎక్కడో దాక్కుందన్న సంగతి నాకు తెలియదు. ఎప్పుడు, ఎక్కడ అని అడిగాను. ఖాలమ్మ తెరమీదినుంచి కళ్లు తిప్పకుండా, సంతలో కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. అవ్వ వాళ్ల నాయిన అడవిలో ఉండి నైజాంతో పోరాడేవాళ్లకు అన్నం పంపుతున్నాడని తెలిసి, అతని కోసం తుపాకులవాళ్లు వచ్చారు. నాయిన చేనుల్లో పడి తప్పించుకున్నాడు. ఇంటి పిల్ల దొరికితే తండ్రి తానే వస్తాడని వాళ్లు అవ్వ కోసం వెతికారు. ఖాలమ్మ తండ్రి దూదేకేవాడు. వాళ్లమ్మ అవ్వను లోపలింట్లోకి లాగి దూది కుప్ప కింద దాచింది. ఒంటరిగా ఉంటే భయపడి అరుస్తుందని తన కూతుర్నీ పక్కన దూర్చింది. కూతురితోపాటు ఆమె మేకపిల్లను కూడా. అది ఖాలమ్మను వదిలి ఉండేది కాదు. బయట ఉంచితే కుప్ప చుట్టూ తిరిగి అరిచి పట్టిచ్చేది.

లోపల ఆ మేకపిల్ల అవ్వ జడ నమలడం మొదలుపెట్టింది. అవ్వ అరవలేదు, కదల్లేదు. తుపాకివాడు గడపలోకి వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు దూది కుప్ప తుమ్మింది.

మా ముందు వరుస మొత్తం ఇటు తిరిగింది.

ఖాలమ్మ వాళ్లమ్మ ఏమాత్రం తడబడకుండా, ముదనష్టపు మేకకు పడిశం పట్టిందని, పొద్దటినుంచీ తుమ్ముతూనే ఉందని తుపాకివాడికి చెప్పిందట. మేకపిల్ల కూడా సాక్ష్యానికన్నట్టు ఒకసారి అరిచిందట. వాడు నవ్వి వెళ్లిపోయాడు.

“తుమ్మింది నువ్వే,” అంది ఖాలమ్మ.

“దూదోళ్ల ఇంట్ల పుట్టినవు, నీకు అలవాటుంటదనుకున్న. తుమ్మింది నువ్వు.”

ఆ తగవు చాలాసేపు నడిచింది. ఆడవాళ్లు రెండు పక్షాలుగా చీలారు. గోడ అవతలినుంచి మగవాళ్లు, కొంచెం గట్టిగా చెప్పండమ్మా, వినపడటం లేదని అడిగారు. ఈలోగా తెరమీద పిల్లవాడి తల్లికి తూటా తగిలింది. ఆమె చనిపోవడం మా వైపు ఎవరూ చూడలేదు.

చివర్లో మిలిటరీ లారీలు వచ్చాయి. తెరమీద జెండాలు, పూలు. టాకీసంతా చప్పట్లు. లైట్లు వెలిగాయి, జనం లేచారు. ఖాలమ్మ లేవలేదు.

“ఐపోయిందా?” అంది. “మేం దాక్కున్నది ఇంక రాలేదు గద.”

దగ్గరలో ఉన్నవాళ్ల చప్పట్లు ఆగిపోయాయి. అవ్వ ఆమె పక్కన మళ్లీ కూచుంది. మిగతా కథ ఆ రోజు ఇద్దరూ కలిసి చెప్పారు. లారీలు వచ్చాక ఊళ్లో భయం ఇల్లు మార్చుకుంది. టోపీల మీది పగతో ఈసారి ఖాలమ్మ వాళ్ల కోసం మనుషులు వచ్చారు. దూదేకేవాడు ఎవరినీ ఏమీ అనలేదన్న మాట వినేవాడు లేకపోయాడు. అవ్వ వాళ్ల నాయిన వాళ్లందర్నీ పశువుల కొట్టంలో, చొప్ప కుప్పల వెనక దాచాడు. ఖాలమ్మ అన్న అప్పటికే పక్కూరికి పోయి ఉన్నాడు. అతను తిరిగి రాలేదు.

తర్వాత ఖాలమ్మే, అవ్వ పేడతట్ట అడుగున జొన్నరొట్టెలు పెట్టి తెచ్చేదని, ఆ రొట్టెల వాసన ఇప్పటికీ ముక్కులో ఉందని చెప్పింది. ఆకలిలో వాసనేం తెలుస్తుందని అవ్వ కొట్టిపారేసింది.

“నీకేం ఎరుక? తిన్నది నేను,” అంది ఖాలమ్మ.

ఆడవాళ్లు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. తర్వాతి ఆటకు జనం గేటు కొడుతున్నా మేనేజరు మమ్మల్ని లెమ్మనలేదు.

ఇంటికొచ్చాక బాపు అలిగినట్టే మాట్లాడాడు. సొంత కొడుక్కి చెప్పని సంగతి టాకీసులో అందరికీ చెబుతావా అన్నాడు. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు.

“నీకు చిన్నప్పుడు పండవెట్టుకుంట రోజు చెప్పిన. మేకపిల్ల కాడికి వచ్చేసరికే నిద్రవోయెటోనివి.”

మర్నాడు మ్యాట్నీకి ఆడవాళ్లు కిటకిటలాడారు. ఆ ఇద్దరు పెద్దమ్మలు వస్తారా అని టికెట్ల కిటికీ దగ్గరే అడుగుతున్నారని, టికెట్లేం వద్దు, వచ్చి కూచుంటే చాలని మేనేజరు కబురంపాడు. అవ్వ పెట్టెలోంచి పట్టుచీర తీసింది. అప్పటినుంచి కథ పెరగడం మొదలైంది. గడపలో ఒక్క తుపాకివాడు ఉన్నచోట గుంపు వచ్చింది. మేకపిల్ల ఒకరోజు మేకైంది, ఇంకోరోజు దానికి కొమ్ములు మొలిచాయి. బాపు తలపట్టుకున్నాడు. తెరమీది తల్లి రోజూ ఎవరూ చూడకుండానే చచ్చిపోయింది. సినిమా ఊరు వదిలి నార్కట్‌పల్లి పోయే రోజు, మీరు కూడా రండి, రీళ్లతోపాటు బస్సెక్కిస్తానని మేనేజరు నవ్వులాటకన్నాడు. ఎన్ని రోజులకు చీరలు సర్దుకోవాలని ఖాలమ్మ నిజంగానే అడిగింది.

సినిమా ఇంకా ఊళ్లో ఉండగానే, ఆమె కొడుకు ఒక మధ్యాహ్నం చెప్పకుండా టాకీసుకొచ్చి గోడ అవతల కూచున్నాడట. మేనమామ గడబిడలో పోయాడని అతనికి తెలుసు. మిగతాది తెలియదు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, అరుగు మీద కూచుని అడిగాడు.

“చిన్నమ్మా, ఆ కొట్టం ఇంక ఉన్నదా?”

ఎవరికి తెలుసు, చూసి ఏళ్లయిందని అవ్వ అంది. తర్వాతి శుక్రవారం అతను మిషను మీద గుడ్డ కప్పి, నమాజు కాగానే మమ్మల్ని ముగ్గుర్నీ వెంటబెట్టుకుని వాళ్లు పుట్టిన పల్లెకు బస్సెక్కాడు.

కొట్టం లేదు. ఆ జాగాలో ఎరువుల దుకాణం ఉంది. తలుపు ఇటుండేదని అవ్వ, కాదు అటని ఖాలమ్మ. వాళ్లిద్దరూ చెప్పిన చోటల్లా దర్జీ బస్తాల మధ్య పోయి నిలబడ్డాడు. చివరికి గోడవారగా ఒక మూల దగ్గర ఇద్దరూ ఒప్పుకున్నారు. అతను అక్కడే నిలబడిపోయాడు. ఏం పోగొట్టుకున్నారు, ఏం వెతుకుతున్నారని దుకాణదారు అడిగాడు.

“మా అమ్మ గీడ కొన్నొద్దులున్నది,” అన్నాడు దర్జీ.

దుకాణదారుకు ఏం అర్థమైందో గానీ, ఊరి ఆడపడుచులు వచ్చారని బస్తాలు జరిపి చోటుచేసి, చాయ్ తెప్పించాడు. అంతలో తిరుగు బస్సు వచ్చి హారన్ కొట్టింది. మేం లేచాం. అవ్వ లేవలేదు. డ్రైవరు ఇంకోసారి హారన్ కొట్టినా, చాయ్ సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ, నింపాదిగా మొత్తం తాగింది.