అటెండరు ఆడిన అబద్ధం

మునిసిపల్ లైబ్రరీ అటెండరు మనిషి మంచివాడే. పుస్తకాల మీద దుమ్ము పడనిచ్చేవాడు కాదు. ఏ పెద్దాయనైనా కళ్లజోడు మరిచిపోతే వీధి చివరిదాకా పరుగెత్తి ఇచ్చి వచ్చేవాడు. ఉన్నదల్లా కబుర్ల పిచ్చి. సాయంత్రం లైబ్రేరియన్ గడప దాటగానే, బావమరిది సైకిల్ షాపు మీదికి మనసు లాగేది. రాత్రి ఎనిమిదిదాకా తెరిచి ఉంచాల్సిన చదువుల గదికి చీకటి పడకముందే తాళం పడేది. "లేవండి బాబూ, ఇంటికెళ్లి చదువుకోండి" అని పిల్లల్ని బయటికి తోలేవాడు. అదేమని అడిగేవాళ్లు లేరు.

ఆ ఏడాది మునిసిపాలిటీ హైస్కూలు పిల్లలతో ఒక సంఘం వేసింది. పిల్లలకు సంబంధించిన ఏ నిర్ణయమైనా వాళ్ల మాట విన్నాకే చేయాలన్నారు. కౌన్సిల్ హాల్లో వాళ్లకూ కుర్చీలు, మైకు ఏర్పాటు చేశారు. పదో తరగతి చదువుతున్న అటెండరు కూతురు ఆ సంఘానికి ఎంపికైంది. ఇక అతని కాలు నేల మీద ఆనలేదు. సమావేశంలో మంచినీళ్లందించే పని అడిగి మరీ వేయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎదురైన ప్రతి గుమాస్తాకూ "ఇవాళ మా అమ్మాయి మాట్లాడుతోందండీ" అని చెప్పుకున్నాడు.

కూతురు లేచి, సంఘం రాసిన కాగితం విప్పి మైకు సర్దుకుంది.

"ఇంట్లో చదువుకోడానికి చోటు లేని పిల్లలు మాలో చాలామంది ఉన్నారండీ. లైబ్రరీలో చదువుల గది ఎనిమిదిదాకా అని బోర్డుంది, కానీ ముందే మూసేస్తున్నారు. పరీక్షలప్పుడు ఇంకో గంట ఎక్కువ తెరిచి ఉంచాలి. చూసుకునే బాధ్యత మేమూ వంతులవారీగా తీసుకుంటాం. అలా ఒక నియమం పెట్టమని అడుగుతున్నాం. ఎవరినీ శిక్షించమని మాత్రం అడగట్లేదు."

అటెండరు ట్రే పట్టుకుని గోడ పక్కకు జరిగాడు. ఛైర్‌పర్సన్ అతనివైపు తిరిగింది. ఆ పిల్ల ఎవరి కూతురో ఆమెకు తెలియదు.

"ఏమయ్యా, నువ్వేగా అక్కడుండేది? ముందే మూసేస్తున్నావా?"

"లేదమ్మా. టైముకే తీస్తాను, టైముకే మూస్తాను. చిన్నపిల్లలు కదా, ఎవరో చెప్పింది విని పొరబడుంటారు."

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. ఒక కౌన్సిలర్ "చదువు ఎగ్గొట్టడానికి మంచి సాకే!" అన్నాడు. హాలంతా నవ్వింది. ఛైర్‌పర్సన్ "ఈసారి సరిగ్గా కనుక్కుని రండమ్మా" అని మరో విషయంలోకి వెళ్లిపోయింది. కూతురు తండ్రి వైపు చూసింది. అతను తల వంచుకుని గ్లాసుల్లో నీళ్లు పోస్తూ ఉండిపోయాడు. ఆ పిల్ల ఒక్క మాటంటే అతని పరువు పోయేది. అనలేదు, కూర్చుంది.

ఇంటికొచ్చాక అంది: "ముందు ఆ కాగితం నేను చదవనన్నాను నాన్నా. సంఘంలో వాళ్లూ సరేనన్నారు. నేను చదివితే నువ్వు అర్థం చేసుకుంటావనిపించి మళ్లీ నేనే ఒప్పుకున్నా. శిక్ష వద్దన్న మాట కూడా నేనే రాయించా."

అరిచినా బాగుండేది. అతను అన్నం కంచం పక్కకు జరిపి లేచిపోయాడు.

మర్నాడు ఛైర్‌పర్సన్ గదికి వెళ్లాడు. లోపల ఇంకా నలుగురు ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాడు. ఆగితే మళ్లీ ధైర్యం చాలదని తెలిసి, అక్కడే చెప్పేశాడు.

"నిన్న అబద్ధమాడింది పిల్లలు కాదమ్మా, నేను. మాట్లాడిన పిల్ల నా కూతురే."

ఆమె కలం కింద పెట్టింది. "కూతురని తెలిసే ఆ మాటన్నావా?"

ఉద్యోగం పీకేస్తానన్నా అంత గుచ్చుకునేది కాదు.

ఆమె పిల్లల్ని మళ్లీ పిలిపించింది. వాళ్లడిగిన నియమం అమల్లోకి వచ్చింది. అటెండరును పన్నుల విభాగానికి మార్చారు. కూతురు అతనితో మామూలుగానే మాట్లాడుతుంది, కానీ సంఘం విషయాలు మాత్రం తల్లితోనే చెబుతుంది. అతను పక్కగదిలోంచి వింటాడు.

సాయంత్రాలు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు లైబ్రరీ వీధి వదిలి చుట్టుదారిన వస్తాడు. ఆ పిల్లలు ఎదురైతే ఎగతాళి చేస్తారని కాదు. స్నేహితురాలి నాన్న అని అందరూ ఆగి, "నమస్తే అంకుల్" అంటారు.