వడ్ల మామ పరిచిన పలకలు

పోయిన మంగళవారం కొల్లాపూర్ నుంచి మా మరిది కార్డు రాశాడు. "వదినా, వడ్ల మామ పోయిండు. పొద్దుగాల లేచి, మొకం కడుక్కొని, చాయ తాగి మంచం మీద ఒరిగిండట. గంతే. ఎవ్వరినీ కష్టపెట్టలే." రెండుసార్లు చదివి కార్డు కిటికీలో పెట్టాను. ఆయన గుర్తొస్తే నాకు ముందు నవ్వే వస్తుంది. ఆ రోజూ ముందు నవ్వే వచ్చింది, తర్వాతే కళ్లు తడిశాయి.

ఆయన మాకు చుట్టం కాదు. మా అత్తవారింటికి ఎదురిల్లు. కొయ్యపని ఆయన వృత్తి. మా దిక్కు వడ్రంగిని వడ్లాయన అంటారు. నేను కొత్త కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెడుతుంటే గుమ్మం పక్కన నిలబడి, "జర వంగి రా బిడ్డా. గీ దర్వాజ మా తాత పెట్టిండు. ఆయన పొట్టోడు, అందరు తనంతే ఉంటరనుకున్నడు" అన్నాడు. కొత్త కోడలిననే సంగతి మరిచి అందరి ముందు ఫక్కున నవ్వేశాను. మా అత్తమ్మ కళ్లు పెద్దవి చేసింది. అప్పటి నుంచి ఆయన నాకు వడ్ల మామ.

పెన్సిలు ఆయన చెవి మీదే ఉండేది, దాని కోసం ఇల్లంతా వెతికేవాడు. వంకరపోయిన మొలలు ఏరుకొచ్చి, తీరిక దొరికినప్పుడు రాయి మీద పెట్టి సాపు చేసేవాడు. పని పూర్తయినా "అయిపోయింది" అనేవాడు కాదు. "జూడుండ్రి" అని పక్కకు జరిగేవాడు, అంతే.

ఆయన చేసిన పనుల్లో ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను.

మా వీధికి కరెంటు వచ్చిన ఏడాది అది. మా ఇంటి పై అంతస్తుకు నేల చెక్కది. దూలాల మీద అడ్డంగా దంతెలనే సన్నటి కొయ్యలు, వాటి మీద టేకు పలకలు. ఆ పై గదిలో మా వారి నాయనమ్మ ఉండేది. అందరం అవ్వ అనేవాళ్లం. చూపు పోయి అప్పటికి ఎన్నో ఏళ్లయింది. అయినా ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. మంచం దగ్గర పలక కొంచెం గుంటపడి ఉండేది. కిటికీ ముందరి పలక నున్నగా ఉండేది. మెట్ల దగ్గరి పలక మీద కాలు పెడితే కిర్రుమనేది. ఆ చప్పుడు వినగానే ఆగి, చేత్తో గోడ తడుముకొని, మెట్లు దిగి కిందికి వచ్చేది.

కరెంటు పెట్టించడానికి మా మామగారు బయటి ఊరి నుంచి ఒక వైర్‌మన్‌ను పిలిపించారు. కింద గది కప్పుకు నగిషీ చెక్క ఉంది. దాన్ని ముట్టుకోవద్దన్నారు. అందుకని అతను పై గది పలకలు లేపి, వాటి కింద నుంచి తీగ లాగాడు. గడ్డపారతో లేపాడు. మెట్ల దగ్గరి పలక నిలువునా పగిలింది. మిగిలినవి ఏది చేతికి వస్తే అది పరిచి, పగిలినదాని జాగాలో ఏదో కొత్త చెక్క పెట్టి మొలలు కొట్టి పోయాడు. సాయంత్రం బల్బు వెలిగింది. వీధి వీధంతా వచ్చి చూసి పోయింది. పలకల సంగతి మాలో ఎవరికీ తట్టనే లేదు.

మరునాడు పొద్దున నేను చాయ తీసుకొని మెట్లెక్కుతున్నాను. తలెత్తి చూస్తే అవ్వ పాదం గాలిలో ఉంది. గ్లాసు వదిలేసి రెండు చేతులతో ఆమె నడుము పట్టుకున్నాను. ఇద్దరం మెట్ల మీద కూలబడ్డాం. గ్లాసు కింద దాకా దొర్లి పోయింది.

"అది మొత్తుకోలేదు బిడ్డా," అంది అవ్వ. "కిర్రనలేదు. ఇంక దూరముందనుకున్న."

ఆ రోజే మా మామగారు ఆమెను కిందికి, వెనక గదిలోకి మార్పించారు. తల్లి మీద ప్రేమతోనే, భయంతోనే మార్పించారు. ఆ గదిలో జొన్న మూటలుండేవి, గాలి ఆడేది కాదు. ప్రతి పనికీ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని నడిపించాలి. అవ్వ ఎవరినీ ఏమీ అనలేదు. ఒక్కసారి నాతో మాత్రం, "మూటల పక్కకు ఇంకో మూటను జేసిన్రు" అంది. అన్నం తగ్గించేసింది.

పక్క ఊళ్లో ఒక ఇంటి కప్పు పని మీద పోయిన వడ్ల మామ అప్పుడే తిరిగొచ్చాడు. కరెంటు చూద్దామని వచ్చి, బల్బు కంటే ముందు అవ్వను చూశాడు.

"అవ్వ ఎందుకు ఈడ కూసుంది?"

చెప్పాను. చెప్పులు కిందనే విడిచి మెట్లెక్కాడు. పై గదిలో బోర్లా పడుకొని చెంప నేలకు ఆనించి చూశాడు, వేళ్లతో పలకల సందులు తడిమాడు. లేచినప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. అంత కోపంగా ఆయనను ఎన్నడూ చూడలేదు.

"తీగె కోసం దంతెను సగం దాక కోసిండు. మొల తీగెకు ఏలెడు దూరంల దిగింది. ఇంకింత పక్కకు దిగితే ఏం గావాలె? పటేలా, అన్ని లేపాలె," అన్నాడు మా మామగారితో.

"మల్ల లేపితే ఉన్నయి గూడ పలుగుతయి. ఉండనియ్యి. మెట్ల సుట్టు కర్రలు అడ్డం పెట్టు, సాలు," అన్నారు ఆయన.

"కర్రలు గూడ పెడ్త. గని కర్ర చేతికి తగిలేదాక ఆమె భయపడుకుంటనే నడుస్తది గద. ఇన్నేండ్లు భయం లేకుంట నడిసిన మనిషి."

చివరికి మా మామగారు, "ఒక్కటి పలిగినా ఆపాలె" అన్నారు.

మరునాడు వడ్ల మామ కరెంటు బంద్ చేయించి పని మొదలుపెట్టాడు. గడ్డపార ముట్టలేదు. మొలలు పైకి పీకలేదు. సన్నటి ఇనుప ముక్క మొల తల మీద పెట్టి, కొట్టీ కొట్టనట్టు కొట్టి, మొలను పలకలోంచి కిందికి దించేసేవాడు. పలక దానంతట అదే వదులయ్యేది. ఒక్కటీ పగల్లేదు. మా మామగారు కాసేపు మెట్ల మీద నిలబడి చూసి, కిందికి పోయి నిశ్చింతగా పేపరు తెరిచారు. కోసిన దంతెకు పక్కన ఇంకో గట్టి కొయ్య జోడించి బిగించాడు. ఆ దంతెల మీద ఆయన నడక పొలం గట్టు మీద నడిచినట్టే ఉండేది.

మూడో రోజు, "బిడ్డా, అవ్వను తోల్కరా" అన్నాడు.

అవ్వను పైకి తెచ్చి రెండు భుజాలూ పట్టుకొని నిలబడ్డాను. ఆయన ఒక్కో పలక తెచ్చి దంతెల మీద పరిచేవాడు. అవ్వ పాదంతో తడిమేది.

"గిది కాదు కొడుకా. గిది కిటికీ కాడిది. నున్నగున్నది."

"మరి గిది?"

"గిది గూడ కాదు. నా మంచం పక్కదానికి బొటనవేలు కాడ కన్నుంటది."

ఆయన విసుక్కోలేదు. చెక్కలోని ఆ కన్ను, ఆ ముడి కోసం పలకలన్నీ తిరగేసి చూశాడు. దొరికినప్పుడు అవ్వ నోట్లో పళ్లు లేకపోయినా ముఖమంతా నవ్వింది. అన్నిటికీ సుద్దతో అంకెలు వేశాడు.

మిగిలింది మెట్ల దగ్గరి పలక. అది పనికి రాదు. కొత్త చెక్క పెడితే అవ్వ పాదానికి కొత్త. కాసేపు ఆలోచించి, అవ్వ మంచం కిందనున్న పాత పలక తీసి మెట్ల దగ్గర పెట్టాడు. ఎవరూ అడుగుపెట్టని మంచం కింద కొత్త చెక్క వేశాడు.

అయితే ఆ పాత పలక కూడా కిర్రనలేదు.

ఆ మధ్యాహ్నమంతా ఆ పలకతోనే గడిచింది. ఒక మొల వదులు చేస్తాడు, అవ్వ అడుగు వేస్తుంది, తల అడ్డంగా ఊపుతుంది. అంచు కొంచెం గీస్తాడు, మళ్లీ అడుగు. "సప్పుడు రాకుంట చెక్క పరుసుడు మా నాయిన పదేండ్లు నేర్పిండు," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "సప్పుడు ఎట్ల తేవాల్నో నేర్పకుంటనే పోయిండు." అవ్వ, నేను కడుపు పట్టుకొని నవ్వాం. చివరికి ఒక వైపు మొలలు తీసేసి, దంతె మీద చిన్న చెక్కముక్క పెట్టాడు. అవ్వ కాలు పెట్టింది. కిర్రుమంది.

"ఆఁ," అంది అవ్వ. "గిదే."

"జూడుండ్రి," అని పక్కకు జరిగాడు వడ్ల మామ.

తీగ మీదుగా పోయే పలకలకు మాత్రం మొలలు కొట్టలేదు. స్క్రూలు సబ్బుకు రుద్ది రుద్ది బిగించాడు. "ఇంత కష్టమెందుకు? మల్ల ఎవలు ఇప్పుతరు?" అన్నారు మా మామగారు.

"తీగె పాతబడ్తది పటేలా. అప్పటికి నువ్వుండవు, నేనుండ. ఇంకెవడో వచ్చి ఇప్పుతడు. వానికి మన మీద కోపం రావొద్దు."

ఈ మాట నేను మరిచిపోలేదు. మహబూబ్‌నగర్ వచ్చి కాపురం పెట్టాక, మూట కట్టినా, డబ్బా మూత బిగించినా, విప్పే మనిషి గుర్తొస్తాడు నాకు.

అవ్వ ఆ పై గదిలోనే ఇంకో నాలుగేళ్లు బతికింది. తన కాళ్ల మీద తాను తిరిగింది. తన మంచం మీదనే కన్ను మూసింది. వెనక గదిలో జొన్న మూటలే ఉండిపోయాయి.

రెండేళ్ల కింద కొల్లాపూర్ ఇంట్లో పంకా పెట్టడానికి వేరే వైర్‌మన్ వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. స్క్రూలు ఇట్టే ఊడి వచ్చాయి. అతను ఆశ్చర్యపోయి, "ఎవలు జేసిన్రమ్మా గీ పని? దండం పెట్టాలె" అన్నాడు. వడ్ల మామ అప్పుడు గుమ్మం దగ్గరే ఉన్నాడు, ఊరికే చూడటానికి వచ్చి. నేను చెప్పబోతుంటే వద్దని చెయ్యి ఊపి, చెవి మీదున్న పెన్సిలు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆయన్ను చివరిసారి చూసింది పోయిన ఎండాకాలం. చేతులు వణకడం మొదలై పని మానుకున్నాడు. మేము ఊరికి చేరేసరికి సాయంత్రమైంది. తన అరుగు మీద కాళ్లు చాపుకొని మామిడిపండు తింటున్నాడు. రసం మోచేతుల దాకా కారుతోంది, మీసాలు పచ్చగా అయ్యాయి. నన్ను చూసి, "వచ్చినవా బిడ్డా, రా, కూసో" అంటూ పక్కన జాగా తుడిచాడు. ఆ రసం చేత్తోనే తుడిచాడు. అరుగంతా జిగటైంది. ఆయనా చూసుకున్నాడు, నేనూ చూశాను. నవ్వుకుంటూ అక్కడే కూర్చున్నాను, ఆయన బుట్టలోంచి ఇంకో పండు ఏరి నా చేతిలో పెట్టాడు.