ఫ్రీజర్‌కు సెలవు

నంద్యాలలో మా కాలేజీ ల్యాబులో బేకరీ ఈస్టుతో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఈస్టు కణంలో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. పీల్చిన ఆక్సిజన్ చివరికి చేరేది దాని దగ్గరికే. మన ఒంట్లోనూ ఆ పని చేసేది అదే. దాన్ని మిగతా చెత్త నుంచి విడదీసి, ఎంత చురుగ్గా ఉందో కొలిస్తే నా థీసిస్‌లో ఆఖరి అధ్యాయం పూర్తవుతుంది. గడువు నెలాఖరు. ఇక పొడిగించేది లేదని యూనివర్సిటీ ముందే చెప్పేసింది.

విడదీయడం అంత సులువా? గాజుపూసలతో ఈస్టును చితక్కొట్టాలి, గిర్రున తిప్పాలి, వడగట్టాలి. ఇదంతా ఐసులోనే. కాస్త వెచ్చబడితే చాలు, ఎంజైము చచ్చి ఊరుకుంటుంది. మా ఐసు మిషన్ ఎప్పుడో మూలపడింది కాబట్టి సోడా కొట్టు నుంచి మోసుకొచ్చేదాన్ని. ఎన్నోసార్లు పాడయ్యాక, ఆయుధపూజ ముందురోజు సాయంత్రం ఎంజైము ఆకుపచ్చ ఛాయతో చక్కగా దిగింది. సంతోషం పట్టలేకపోయాను. కొలుద్దామని పోతే, కొలిచే మిషన్‌ను తుడిచి, బొట్లు పెట్టి, గుడ్డ కప్పేసి ఉంచారు.

"రేపు పూజ కదమ్మా. మిషన్లకూ రెస్టు ఇయ్యాల. పండగ పోయినంక కొలుచుకో," అన్నారు మా గైడు సారు. ఏళ్ల తరబడి ఎంజైముల పాఠం చెప్తున్న మనిషి ఆయన.

చేసేదేముంది, ఎంజైమును డీప్ ఫ్రీజర్‌లో పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఇంట్లో అమ్మ, "ఏందే, నీ ఈస్టు ఇంగా పొంగలేదా?" అని ఎగతాళి చేసింది. ఈసారి పొంగిందిలే అని గొప్పగా చెప్పాను.

పండగ అయ్యాక వచ్చి చూస్తే ఫ్రీజర్ కింద నీళ్లు. ప్లగ్గు ఊడదీసి ఉంది.

"దీన్ని ఎవరు ఆపినారు సార్?"

"నేనే. అన్నిటికీ రెస్టు ఇచ్చి దీన్నొక్కదాన్ని ఎట్ల వదిలేది? ఇది మాత్రం మిషన్ కాదా?"

ఒళ్లు మండిపోయింది. అయినా ఆశ చావక కొలిచాను. ఎంజైము బతికుంటే మిషన్ మీద అంకె తగ్గుతూ రావాలి. కదిలితే ఒట్టు. సారు కూడా కళ్లద్దాలు తుడుచుకుని, ఇంకో చుక్క వేసి చూశారు.

"పోయిందమ్మా. మళ్లా చేద్దాంలే. మిషన్లయితే బాగుండాయి కదా."

"మన ఒంట్లో ఉండేదీ ఇదే కద సార్. దానికి ఒక్క పూట రెస్టు ఇచ్చింటే పూజ చేసేదానికి మీరే ఉండరు," అనేశాను.

 నెలాఖరుకు నాలుగు రోజులే ఉండటంతో, మర్నాడు పొడిగింపు అడగడానికి సారు తానే యూనివర్సిటీకి వెళ్లి, ముఖం వేలాడేసుకుని వచ్చారు.

"ఏమని చెప్పినారు సార్?"

"కరెంటు పోయిందని చెప్పినానమ్మా. జనరేటర్ పెట్టుకోకపోవడం మీ తప్పే అని పంపించేసినారు."

నా థీసిస్ ఆఖరి అధ్యాయం లేకుండానే వెళ్లింది.