ఛత్రినాక ఇంట్లో పీ-ఫోర్ కోడ్

కొవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన మొదటి ఎండాకాలం. అప్పుడు నేను ఒక ఏసీ కంపెనీ బహదూర్‌పురా సర్వీసు కేంద్రంలో సీనియర్ ఇంజనీరుని. రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. మా పద్ధతి ప్రకారం ఒకే ఇంటి నుంచి అదే ఫిర్యాదు మూడోసారి వస్తే మెకానిక్కులను పంపకూడదు, సీనియర్ స్వయంగా వెళ్లాలి. అలా మే నెలలో ఒక మధ్యాహ్నం ఛత్రినాకలో ఒక స్టీలు సామాన్ల వ్యాపారి ఇల్లు నా పాలబడింది.

ఆ ఇంటి కొడుకు రాజేశ్ గోదాములో నిచ్చెన మీది నుంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడు. మెడ కింద స్పర్శ లేదు, చెమట పట్టదు. చెమట పట్టని మనిషికి గది వేడెక్కితే ఒళ్లూ వేడెక్కుతుంది, దానికి జ్వరం మాత్రలు పనిచేయవు. గది ఎప్పుడూ ఒకే చల్లదనంలో ఉండాలని, లేకపోతే ప్రాణానికే ముప్పని డాక్టర్లు గట్టిగా చెప్పి ఇంటికి పంపారు. అందుకే గోడకు స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టించారు. గదిలో వేడి ఎంతుందో అదే కొలిచి, దాన్నిబట్టి ఏసీని నడుపుతుంది. అతని భార్య సుజాత దుకాణంలో కూర్చుని ఫోనులో ఆ అంకె చూసుకునేది.

ఆ ఫోనుకే 'పీ-ఫోర్' అని కోడ్ వస్తోంది. ఏసీ లోపలి కాయిల్ మీద మంచు గడ్డకట్టింది, యంత్రం తనంతట తానే ఆగిపోయింది అని దానర్థం. గ్యాస్ తగ్గినా ఇదే కోడ్, గాలి సరిగ్గా ఆడకపోయినా ఇదే కోడ్. మావాళ్లు మొదటిసారి ఫిల్టరు కడిగి వచ్చారు, రెండోసారి ఫిల్టరు మళ్లీ కడిగి సెన్సారు కూడా మార్చి వచ్చారు. రెండుసార్లూ నాలుగు రోజులు బుద్ధిగా నడిచి మళ్లీ మొదటికొచ్చింది.

నేను వెళ్లేసరికి ఏసీ ఆగిపోయి ఉంది. రాజేశ్ ఒంటి మీద తడి తువ్వాళ్లు, పక్కన టేబుల్ ఫ్యాను. మొహం కందిపోయింది, నుదుట ఒక్క చెమట చుక్క లేదు. నన్ను చూసి నవ్వబోయాడు. "నా ఒంట్లో మిషన్ ఎప్పుడో పాయె సార్. గోడ మీదిదన్న నడిపియ్యండి."

సుజాత చేతిలో థర్మామీటరు నూట రెండు చూపిస్తోంది. "జర రీసెట్ కొట్టుండ్రి సార్," అంది. కొట్టకూడదు. మంచు కరగకముందే బలవంతంగా నడిపిస్తే కంప్రెసర్ కాలిపోతుంది, ఇక ఆ రాత్రంతా చల్లదనమే ఉండదు. ముందు ఒట్టి గాలితో కాయిల్ మీది మంచు కరగాలి. అదే చెప్పాను. ఆమె గొంతు పెరిగింది. "పెద్దసారొస్తరని చూస్తే, మీరు గూడ గిట్ల చేతులు కట్టుకొని నిలబడితె ఎట్ల!"

నాకు నిజంగానే భయం వేసింది. కాయిల్ నుంచి నీళ్లు బకెట్లోకి చుక్కచుక్కగా పడుతున్నాయి. థర్మామీటరులో అంకె ఇంకాస్త పెరిగింది. చేతులు ఊరుకోక ఫిల్టరు ఊడదీశాను. నాలుగు రోజుల కింద కడిగిన ఫిల్టరు నల్లగా, జిడ్డుగా వేలికంటుకుంది. వంటిల్లేమో వెనక వాకిట్లో ఉంది. ఇదెక్కడి మసి? గది వేడి కొలిచే నా పరికరం మంచం దగ్గర పెడితే ముప్పై ఒక డిగ్రీలు. గోడ మీది థర్మోస్టాట్‌లో ముప్పై ఆరు! ఒకే గదికి రెండు లెక్కలేమిటా అని బుర్ర గోక్కుంటూ ఉన్నాను.

అంతలో సుజాత ఫ్యాను కాస్త తిప్పితే గాలి థర్మోస్టాట్ ఉన్న గోడవైపు మళ్లింది. మూలన కూర్చున్న రాజేశ్ తల్లి అంబమ్మ గబుక్కున లేచి, కొంగు అడ్డం పట్టుకుని గోడవారగా నిలబడింది. థర్మోస్టాట్‌కు సరిగ్గా కింద గూట్లో అమ్మవారి పటం, దాని ముందు పెద్ద నూనె దీపం. మావాళ్లూ అది చూసే ఉంటారు. దేవుడి గూడు కదా అని దగ్గరికి పోయి ఉండరు.

"ఈ దీపం ఎప్పటినుంచమ్మా?"

"మండలం మొక్కిన సారూ. ఆరకుండ చూస్తున్న. ఇంక సగం గూడ గాలె. నా కొడుకు చెయ్యి లేపాలె, గంతే."

మొత్తం అర్థమైంది. దీపం సెగకు థర్మోస్టాట్ గది వేడిగా ఉందనుకుంటుంది, ఏసీకి ఆగే వీలే ఇవ్వదు. మూసిన గదిలో మసి ఫిల్టరుకు పడుతుంది, గాలి ఆడదు, కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది, అంతా ఆగిపోతుంది. సుజాత వచ్చీరాగానే చెప్పినట్టు రాజేశ్‌కు ముందు ఒళ్లు చల్లబడిపోయి, తర్వాత కాలిపోయేది అందుకే. ఇంట్లోవాళ్లు అది జబ్బు గుణమే అనుకున్నారు.

మంచు కరిగింది. కంప్రెసర్ నడిచాక గేజీ పెట్టి చూస్తే గ్యాస్ నిక్షేపంగా ఉంది. రాజేశ్ ఒళ్లు మెల్లగా చల్లబడింది. అంబమ్మ నాకు టీ పెట్టడానికి వెళ్లగానే అతను గొంతు తగ్గించాడు. "దీపమే కదా సార్? అమ్మకు చెప్పకుండ్రి. నాకోసం ఆమె చేయగలిగింది అదొక్కటే."

నా ప్రాణం ఉసూరుమంది. థర్మోస్టాట్‌ను ఎదుటి గోడకు మార్చి, పెట్టినచోటు తప్పని చెప్పి బయటపడవచ్చు. కానీ మసి ఎక్కడికి పోతుంది? నాలుగు రోజుల్లో మళ్లీ పీ-ఫోర్. ఆ పూట ఇంట్లో ఎవరూ లేకపోతే?

టీ గ్లాసు అందుకుని చెప్పేశాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పాను. అంబమ్మ కొడుకు మొహంలోకి చూసింది. కళ్లనిండా నీళ్లు. తర్వాత గూటి దగ్గరికి వెళ్లి, దీపాన్ని రెండు చేతులా ఎత్తి, పైటతో గాలికి చాటు చేసింది.

"కదలొద్దని మొక్కలేదు సారూ. ఆరొద్దని మొక్కిన," అంటూ అడుగులో అడుగు వేసుకుంటూ వాకిట్లోకి నడిచింది. సుజాత ముందు పోయి తలుపు తీసి పట్టుకుంది.

ఆ ఇంటి నుంచి మళ్లీ ఫిర్యాదు రాలేదు. ఉద్యోగంలో ఉన్న ఆ కొన్ని నెలలూ, ఏ ఇంటి నుంచి కోడ్ వచ్చిందన్నా, గేజీ తీయకముందు ఆ గదిలోకి కొత్తగా ఏం వచ్చిందని అడిగాను. జవాబు ఇంటివాళ్ల మనసుకు ఎంత దగ్గరిదైనా, దాని పేరు వాళ్ల ముందే చెప్పి వచ్చాను.